గడప కింది తీగ

కోమలి పని మందగించినప్పుడు తీగను అనుమానించినవాళ్ళు, స్టెల్లా పని మందగించినప్పుడు స్టెల్లాను ఎందుకు అనుమానించారు?

ఈ ప్రశ్నను పంకజాక్షి మొదట మేనేజరు ధనశేఖర్‌ను అడిగింది. అతను ఫోను చూసుకుంటూ ఉండిపోయాడు. తరువాత తనను తాను ప్రశ్నించుకుంది.

ఆ కార్యాలయం తిరుపతి కొర్లగుంటలో, ఒక మందుల అంగడి మీది అంతస్తులో ఉంది. అంచులు పొడై రాలిపోతున్న పాత పొలం పటాలను స్కాను చేసి భద్రపరచడం దాని పని. ముందు హాలులో ఆరు బల్లలు, వాటి మీద చిన్న కాగితాల స్కానర్లు ఆరు. హాలు దాటి, ఒక గడప దాటి వెళితే చిన్న గది; అందులో ఒకే ఒక పెద్ద స్కానరు. దుప్పటంత పటాలను పరిచేది దాని మీదే. ఆ గదిలో పనిచేసేది ఒక్క మనిషి. రెండేళ్ళపాటు ఆ మనిషి స్టెల్లా.

స్టెల్లాకు ముప్పై ఏళ్ళు. రోజూ పుత్తూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేది. వాళ్ళ నాయన జోయల్ బేల్దారి పనిచేస్తాడు. తన కూతురు 'కంప్యూటరు ఆఫీసు'లో పని చేస్తుందని సిమెంటు కలుపుతూ కూడా పక్కవాడికి చెప్పేవాడు. వాళ్ళ కాలనీలో అలా చెప్పుకోగలిగిన మొదటి తండ్రి ఆయనే.

పంకజాక్షి ఆ కార్యాలయానికి సూపర్‌వైజరు. యాభై ఆరేళ్ళు. అంతకుముందు ఇరవై ఏళ్ళు ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పింది. మనుషులు అబద్ధం చెబుతారు గానీ అంకె చెప్పదని ఆమె నమ్మకం. ఆ నమ్మకంతోనే ఆమె ఒక కట్టుబాటు పెట్టింది: స్కాను చేసిన పటం హాలు మూలనున్న సర్వర్ అనే పెద్ద కంప్యూటరుకు చేరితేనే లెక్కలోకి వస్తుంది, అది చేరేదాకా తరువాతి పటం తెరవకూడదు. ఒకే పటం రెండుసార్లు ఎక్కకుండా ఆ నియమం. సాయంత్రం అయిదు గంటలకు ఎవరి పేరు పక్కన ఎన్ని పటాలో కంప్యూటరే చెప్పేది. పెద్ద స్కానరు మీద రోజుకు నలభై రావాలి.

మొదటి ఏడాది స్టెల్లా నలభై, నలభై రెండు చేసింది. రెండో ఏడాది ఎండాకాలం నాటికి ముప్పై అయింది. తరువాత ఇరవై అయిదు. కొన్ని రోజుల్లో తొమ్మిది. పటాన్ని చిరగకుండా పరిచి స్కాను చేయడానికి పది నిమిషాలు చాలు. సర్వర్‌కు చేరడానికే కాలం పట్టేది. తెర మీద ఒక పచ్చ గీత చీమలా పాకుతూ ఉంటే, దాన్ని చూస్తూ కూర్చోవడం తప్ప ఆమె చేయగలిగింది లేదు. గడప ఇవతల నుంచి చూసేవాళ్ళకు కనిపించేది మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఒక ఆడమనిషి.

ఫిర్యాదు చేస్తే ధనశేఖర్ కంప్యూటరు మార్పించాడు. శనివారం సాయంత్రం కొత్తది వచ్చింది. సోమవారం నుంచి గురువారం దాకా పని పరుగులెత్తింది. శుక్రవారం మళ్ళీ పాత కథే.

"కొత్త కంప్యూటరు గూడా ఇచ్చినాము గదా, ఇంకేం కావల్ల ఆ యమ్మకు?" అన్నాడు ధనశేఖర్. "మిషన్ బాగుండాది. మనిషిని సూడండి, పంకజాక్షి గారూ."

పంకజాక్షి మనిషిని చూసింది. మెమో రాసింది. 'పనిలో నిదానం. పలుమార్లు హెచ్చరించినా మార్పు లేదు.' స్టెల్లా దాన్ని చదివి, సంచిలోంచి పొడుగాటి పుస్తకం ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

"నేను చేతులు ముడుసుకోని కూర్చోలేదు మేడమ్. అది పోతాండాది, పోతానే ఉండాది. నేనేం జేసేది? ఏ పటం ఎప్పుడు మొదలుపెట్టింది, ఎప్పుడు చేరింది, అన్నీ దీంట్లో రాసినాను. ఒక్క తూరి సూడండి."

"సాకులు రాసిపెట్టుకునే టైములో ఇంకో రెండు పటాలు చేసి ఉండొచ్చు గదా, స్టెల్లా."

హాలులో ఎవరో నవ్వారు. స్టెల్లా పుస్తకాన్ని అక్కడే వదిలేసి గడప దాటి వెళ్ళిపోయింది. నెలాఖరుకు ఆమెను తీసేశారు. ఇచ్చిన ఉత్తరంలోనూ ఆ రెండు మాటలే రాసి ఉన్నాయి. కింద సంతకం పంకజాక్షిది.

ఆ తరువాత లోపలి గదికి కోమలిని పంపారు. కోమలి గాంధీరోడ్డులో బట్టల అంగడి ఉన్నవాళ్ళ అమ్మాయి. హాలులో అందరికంటే చురుకైనది. పదిహేను రోజులు తిరిగేసరికి ఆమె లెక్క పద్నాలుగుకు పడింది. ఎవరూ ఆమెకు మెమో రాయలేదు. ఎవరూ నవ్వలేదు. శుక్రవారం పదకొండు గంటలకల్లా నెట్‌వర్క్ చూసే మనిషి వచ్చాడు.

అతని పేరు మునిచంద్ర. నలభై దాటినవాడు, పలమనేరు మనిషి. భుజాన సంచి, ఊరుకోని నాలుక.

"ఏమ్మా కోమలీ, మీ నెట్‌వర్కు మా పక్క పల్లెవెలుగు బస్సు మాదిరి ఉండాదే. చెయ్యెత్తినోళ్ళనందర్నీ ఎక్కించుకోని పోతాండాది."

"నవ్వులు తరవాత అన్నా. నిన్న పద్నాలుగే అయినాయి. సార్ నా మొగం సూసి ఏమనుకుంటాండాడో."

మునిచంద్ర తన ల్యాప్‌టాప్‌ను మొదట హాలులోని తీగకు తగిలించి ఒక పటాన్ని పంపాడు. నాలుగు సెకన్లలో చేరింది. అదే ల్యాప్‌టాప్‌ను లోపలి గదిలో తగిలించి అదే పటాన్ని పంపాడు. పచ్చ గీత పాకసాగింది. టీ తెప్పించుకున్నాడు. టీ అయిపోయింది. గీత సగం కూడా కాలేదు.

"సరిపోయింది," అన్నాడు. "కంప్యూటరుది తప్పు లేదు. మనిషిది అసలే లేదు. దోవలో ఏందో అడ్డం ఉండాది."

అతను చాలా మామూలుగా అన్న మాట అది. పంకజాక్షి చేతిలోని కలం కాగితం మీద ఆగిపోయింది.

"ఎప్పుడూ ఇంతేనా? కొన్ని దినాలు బాగుంటాదా?" అని అడిగాడు మునిచంద్ర.

"నేనీ గదిలోకొచ్చి పదైదు దినాలే అన్నా. ముందు స్టెల్లా అక్క ఉండె. ఆమెనడగల్ల," అంది కోమలి.

పంకజాక్షి సొరుగు తెరిచింది. స్టెల్లా పుస్తకం కాగితాల అడుగున ఉంది. దాన్ని ఆమె తెరవడం అదే మొదటిసారి.

ప్రతి పుటా గీతలు కొట్టి నాలుగు గడులుగా విభజించి ఉంది: తేదీ, పటం సంఖ్య, పంపిన సమయం, చేరిన సమయం. ఎనిమిది నెలలు. ఒక్క రోజు కూడా తప్పలేదు. ఎక్కడా ఫిర్యాదు లేదు, ఎవరి మీదా నింద లేదు. పని వేగంగా సాగిన రోజుల్లో మాత్రం అంచున చిన్న అక్షరాలతో ఒక వాక్యం: 'ఈ పొద్దు బాగుండాది, దేవునికి స్తోత్రం.' ఇరవై ఏళ్ళు పిల్లల లెక్కల పుస్తకాలు దిద్దిన పంకజాక్షి ఇంత శుభ్రమైన పుస్తకాన్ని చూడలేదు.

మునిచంద్ర నిలబడే పేజీలు తిప్పాడు. హాస్యం అతని ముఖంలోంచి కొంచెం కొంచెంగా జారిపోయింది.

"ఈ యమ్మ ఎవురో గానీ మేడమ్, మా కంపెనీలో ఉండాల్సిన మనిషి. నేను నెల దినాలు ఈడ కాపురం పెట్టి కొలిసినా ఇంత కుదురుగా రాయలేను. సూడండి, శుక్రవారం మద్దేన్నం నించి చెడతాండాది, సోమారానికి తేరుకుంటాండాది. మళ్ళా శుక్రవారం. ఇదో, సెప్టెంబరు నించి మంగళవారం గూడా చెడింది. ఏం జరుగుతాది ఈడ శుక్రవారం?"

జవాబు గడప దగ్గర నుంచి వచ్చింది. ఊడ్చి తుడిచే గురవమ్మ అక్కడ బకెట్టుతో కూర్చుని ఉంది.

"ఏం జరుగుతాది సామీ, గడప కడుగుతా. పసుపు రాస్తా, బొట్లు పెడతా. నువ్వు రొంత కాలు తియ్యి, తడి మీద నిలబడినావు."

మునిచంద్ర కాలు తీశాడు. తీసి, కిందికి చూశాడు.

లోపలి గది ఈశాన్యంలో ఉంది. వాస్తు ప్రకారం ఈశాన్యపు గోడకు రంధ్రం పెట్టకూడదని కార్యాలయం తెరిచినప్పుడు ధనశేఖర్ పట్టుపట్టాడు. అందుకని తీగను గోడలోంచి కాక గడప కింద చిన్న గాడి తీసి పంపారు. తీగ ఒక జానెడు తక్కువైతే అక్కడే ముక్క అతికించి పైన టేపు చుట్టారు. దాని మీద చెక్క కొట్టారు. చెక్కకు పసుపు పూశారు. అంతటితో తీగ సంగతి అందరూ మరిచిపోయారు.

మునిచంద్ర మేకులు ఊడబీకి చెక్కను లేపాడు. గాడిలో తడి. టేపు విప్పితే, జుట్టు వెంట్రుకల్లా సన్నని రాగి తీగలు ఎనిమిది ఉండాల్సిన చోట నాలుగు పచ్చగా చిలుము పట్టి పొడి రాలుతున్నాయి.

"పంపిన దాంట్లో సగం ఈడ్నే పోతాండాది. పోయిందాన్ని కంప్యూటరు మళ్ళా పంపుతాది, అది మళ్ళా పోతాది. తడి ఆరినప్పుడు రొంత బాగుంటాది." అతను తీగను వేళ్ళ మధ్య నలిపాడు. "ఉత్త నీళ్ళకు ఇంత చిలుము పట్టదే. నీళ్ళలో ఏమన్నా కలుపుతాండావా పెద్దమ్మా?"

"కల్లుప్పు. దోసెడు."

"ఎవురు జెప్పినారు?"

గురవమ్మ తలెత్తి పంకజాక్షి వైపు చూసింది. ఒక్క క్షణమే. తరువాత బకెట్టులోకి చూస్తూ అంది: "ఎవురు జెప్తారు సామీ, మా ఇంట్లో అలవాటు. నేనే ఏస్తాండా."

అది అబద్ధం. పని మందగించిందని, ఎవరి కన్నో పడిందని ధనశేఖర్ నెలల తరబడి గొణుగుతుంటే, ఒక శుక్రవారం పంకజాక్షి తన ఇంట్లో అత్తగారు చేసే పని చెప్పింది. కడిగే నీళ్ళలో దోసెడు ఉప్పు వేయి గురవమ్మా, దిష్టి పోతుంది అని. ఆ శుక్రవారం ఏదో ఇప్పుడు స్టెల్లా పుస్తకంలో కనిపిస్తూనే ఉంది: జూలై రెండో వారం. దానికి ముందు శుక్రవారాలు ఒక్కో పటానికి నాలుగు నిమిషాలు. ఆ తరువాత పదకొండు. పద్దెనిమిది. చివరికి నలభై. పని మందగించిందని ఉప్పు వేయించింది; ఉప్పుతో పని ఇంకా మందగించింది; ఇంకా మందగించిందని మంగళవారం కూడా వేయించింది. దాని ఫలితంగా తగ్గిన అంకెలను లెక్కపెట్టి, వాటిని సాక్ష్యంగా చూపి, మనిషిని పంపేసింది. అంకె అబద్ధం చెప్పలేదు. అది ఎవరి గురించి చెబుతున్నదో ఆమె అడగలేదు, అంతే.

మునిచంద్ర పని కాగితం తీశాడు. అందులో 'లోపానికి కారణం' అని ఒక గడి ఉంటుంది. ధనశేఖర్ అతని భుజం మీదుగా వంగాడు.

"స్వీపరు అజాగ్రత్త అని రాసెయ్యప్పా. ఉప్పునీళ్ళు తీగ మీద పోసింది గదా. గురవమ్మా, రేపట్నించి రావద్దులే. వేరే మనిషిని సూసుకుంటాము."

గురవమ్మ చేతులు పసుపుతో ఉన్నాయి. వాటిని కొంగుకు తుడుచుకోలేదు. గాలిలో అలాగే పట్టుకుని నిలబడింది. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు ఆ గదిలో తప్పులన్నీ కిందికే ప్రవహిస్తాయని ఆమెకు తెలుసు. అడ్డుపడే అలవాటు ఆమెకు లేదు.

"ఉప్పు వేయమన్నది నేను," అంది పంకజాక్షి.

"అదేందండీ, ఆమే జెప్తాంది గదా అలవాటని."

"ఆమె నన్ను కాపాడుతోంది. గోడకు రంధ్రం వద్దన్నది మీరు. ఉప్పు వేయమన్నది నేను. మునిచంద్రా, రెండు పేర్లూ రాయి."

"మేనేజరు పేరు నేనెట్ల రాసేది మేడమ్?" అన్నాడు మునిచంద్ర ఇబ్బందిగా. "నా పొట్ట కొట్టొద్దు."

"అయితే నా పేరు ఒక్కటే రాయి."

ధనశేఖర్ ఒకసారి నిట్టూర్చి, సరే, గురవమ్మ రావచ్చులే అన్నాడు. తన పేరు లేనంతవరకు ఏ పేరున్నా అతనికి అభ్యంతరం లేదు. ఆ తరువాత పంకజాక్షి ఉత్తరం టైపు చేసి తెచ్చింది: లోపం తీగదనీ, స్టెల్లా పనిలో ఏ కొరతా లేదనీ, ముందు ఇచ్చిన ఉత్తరం తప్పనీ, ఆమెను తిరిగి పనిలోకి పిలుస్తున్నామనీ. కోమలినైతే ఎందుకు అనుమానించలేదని ఆమె ధనశేఖర్‌ను అడిగింది అప్పుడే. ఫోను చూసుకుంటూనే అతను సంతకం పెట్టేశాడు. సంతకం ఎంత తేలికో పంకజాక్షికి తెలుసు. తనూ ఒకటి పెట్టింది.

మర్నాడు శనివారం ఆమె పుత్తూరు బస్సెక్కింది.

స్టెల్లా ఇంటి దగ్గర లేదు. జోయల్ చెప్పిన దారిలో వెళితే, విరిగిన ఎముకలకు కట్టు కట్టే వైద్యుడి ఆవరణ వచ్చింది. రేకుల పందిరి కింద బెంచీల మీద విరిగిన చేతులతో, వాచిన కాళ్ళతో జనం. లారీ వాళ్ళు తమిళంలో మాట్లాడుకుంటున్నారు. ఒక మూల స్టెల్లా నేల మీద కూర్చుని, తెల్లబట్టను బెత్తెడు వెడల్పు పట్టీలుగా చింపుతోంది. ఒక్కొక్కదాన్ని తొడ మీద సాపు చేసి, చుట్టి, పక్కన పెడుతోంది.

"రాండి మేడమ్. ఏమైంది, చెయ్యేమన్నా ఇరిగిందా?" అంటూ లేచింది. ఆ గొంతులో నిజమైన ఆదుర్దా ఉంది.

పంకజాక్షి నిలబడే చెప్పింది. తీగ గురించి, గడప గురించి, ఉప్పు గురించి. ఉప్పు వేయించింది తనేనని కూడా. ఎక్కడా మెత్తబరచలేదు. చివర ఉత్తరం అందించింది. స్టెల్లా దాన్ని రెండుసార్లు చదివింది.

"తీగ అంటాండారు. సరే మేడమ్. తీగ గూడా ఉండొచ్చు."

"తీగ కూడా కాదు స్టెల్లా. తీగే. నీ పుస్తకం చూసే కనిపెట్టారు."

"మీరు ఇంత దూరం వచ్చినారు. మీరు మంచోళ్ళు కాబట్టి అట్ల అంటాండారు." స్టెల్లా మళ్ళీ కూర్చుని బట్ట అందుకుంది. "నన్ను తీసేసినప్పుడు ఇచ్చిన కాగితం తీసుకోని, పని కోసం రెండు ఆఫీసులకు పోయినాను. సదివినారు, మళ్ళా ఇచ్చేసినారు. ఇంటికొచ్చి మా నాయనకు జెప్తే, ఆయన గూడా ఆలోచన జేసినాడు. సిన్నప్పుడు అన్నం తినేదానికి నాకు గంట పట్టేదంట. బడికి అందరికన్నా ఎనకాల పొయ్యేదాన్నంట. నాకూ ఒక్కొక్కటే గ్నాపకం వచ్చినాయి మేడమ్. అవన్నీ అబద్ధమా?"

"పిల్లలందరూ అలాగే తింటారు."

"ఏమో మేడమ్. ఈడ తొందర పనికిరాదు. బట్ట బిన్నా లాగితే వంకర పోతాది. నీ నిదానమే నాకు కావల్ల అంటాడు కట్టు కట్టే సామి. నాకు ఇది సరిపోయింది."

ఆమె గొంతులో ఎత్తిపొడుపు ఉండి ఉంటే పంకజాక్షి భరించగలిగేది. అది లేదు. ఒక మనిషి తనకు తగిన చోటు దొరికిందని కృతజ్ఞతగా చెబుతున్న మాట అది.

"సోమవారం వచ్చేయ్, స్టెల్లా. మేనేజరు గారు ఒప్పుకున్నారు, గోడకు రంధ్రం కొట్టించి కొత్త తీగ వేయిస్తున్నాం. నీ గది నీదే."

స్టెల్లా చేతిలోని బట్ట సగం చిరిగి ఆగింది. పక్క బెంచీ మీద ఒక ముసలాయన మణికట్టుకు ఆకుపసరు పట్టిస్తుంటే పళ్ళ బిగువున మూలిగాడు.

"వస్తాననుకుందాం మేడమ్. కొత్త తీగ. కొత్త కంప్యూటరు. అంతా బాగుండాది. అప్పుడు గూడా నేను నిదానమైతే?"

"కావు."

"అయితే?"

పంకజాక్షి దగ్గర అంకెలున్నాయి. మొదటి ఏడాది నలభై రెండు అని చెప్పింది. స్టెల్లా తల ఊపింది, ఎవరి గురించో విన్నట్టు.

"ఇప్పుడైతే, తీగ వల్లనేమో అని రొంత అనుకోని పండుకుంటాను మేడమ్. ఆడికొచ్చి నిదానమై, ఆ అనుకునేది గూడా పోతే, నా తావ ఇంకేముంటాది?"

పంకజాక్షి ఇంకా ఏదో అనబోయింది. లోపలి నుంచి వైద్యుడు పట్టీల కోసం పిలిచాడు. స్టెల్లా చుట్టిన పట్టీలను ఒళ్ళోకి ఎత్తుకుని, ఉత్తరాన్ని మర్యాదగా, మడత చెడకుండా, పంకజాక్షి చేతిలో తిరిగి పెట్టి వెళ్ళింది. పంకజాక్షి ఉత్తరాన్ని సంచిలో పెట్టుకుంది. ఎక్కడ దెబ్బ తగిలిందమ్మా అని పక్కావిడ అడిగితే, తనకు కాదని చెప్పి బయటికి నడిచింది.

ఇది చదువుతున్న మీరు ఎక్కడో ఒక బల్ల వెనుక కూర్చున్నవారే అయి ఉంటారు. మీ సంతకంతో 'నిదానం' అనిపించుకున్న మనిషి ఒకరు ఉన్నారు. లేరని అనకండి, బీరువా తెరిచి చూడండి. కాగితం దొరికాక సవరణ ఉత్తరం రాయడం రెండో పని. మొదట లేవండి. ఆ మనిషి మీ మాటకు సాక్ష్యాలను తన బాల్యంలో వెతుక్కోవడం మొదలుపెట్టేలోగా, ఆ ఇంటి తలుపు తట్టండి.